నాలుగో పాటలో గుంట

ఎడమ చిటికెన వేలు. ఇర్మా ముందు గుర్తుపట్టింది దాన్నే, పాటని కాదు. పొద్దున్న ఎనిమిది క్యాసెట్లనీ ఒక్కొక్కటిగా మిషన్‌లో పెట్టి, చప్పుడు హాలంతా సరిగ్గా వినబడుతోందో లేదో చూడటానికి తలా పదిహేను సెకన్లు మోగించాడు కెల్విన్. ఏడింట్లో బాకాలూ డోళ్లూ వయొలిన్ల దండూ. ఎనిమిదోది పెట్టేసరికి ఒంటరి పియానో, అదీ బావిలోంచి వస్తున్నట్టు, టేపు గరగరల వెనకనుంచి, కింది స్వరాల మీద చిటికెన వేలు పడ్డప్పుడల్లా చెంప మీద చిన్నగా చరిచిన చప్పుడు. అలా చరిచే వేలు తనకి తెలిసి ఈ లోకంలో ఒకటే ఉంది, తనది. తొమ్మిదో ఏట హ్యూన్ లోయలో ఆపిల్ పెట్టె మీద పడి, వంకరగా అతుక్కుని, యాభై ఏళ్లుగా తను చెప్పినంత మెత్తగా ఎప్పుడూ పడని వేలు. అది ఇప్పుడు బల్ల మీద క్యాసెట్ల పక్కన ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. ఆగు, ఆపకు, ఇంకొంచెం పోనీ, అనబోయేలోపే "బానే ఉంది, వినబడుతోంది" అని కెల్విన్ మీట నొక్కేశాడు. పాట తటాలున ఆగే ఆ గుంట దాకా టేపు వెళ్లనే లేదు. పాట మొదలైన నలభై ఆరో సెకనులో రావాలి గుంట. ఉందా ఇంకా, ఎవరైనా కత్తిరించి పారేశారా? క్యాసెట్ మీద పెన్సిల్‌తో "హోబర్ట్, 4" అని రాసి ఉంది, ఆ కింద పోటీ చేసే పిల్ల పేరు నైరీ కింగి, ఊరు న్యూజిలాండ్‌లో గ్రేమౌత్. ఆస్ట్రేలియాలో ఈ హోబర్ట్‌లో పుట్టిన పాట సముద్రం దాటిపోయి మళ్లీ హోబర్ట్‌కే వచ్చింది, పుట్టినింటికి చెప్పాపెట్టకుండా దిగిన పిల్లలా.

ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. దక్షిణ సముద్ర క్రీడల్లో అమ్మాయిల జిమ్నాస్టిక్స్‌కి ఇది ఆఖరి పోటీ. నేల మీద పరిచిన చాప మీద పాటకి తగ్గట్టు మొగ్గలు వేసి, గెంతి, నర్తించి, తొంభై సెకన్లలో ముగించాలి. ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిది క్యాసెట్లు, నైరీది ఎనిమిదోది. అంటే ఇంకో గంట. గంటసేపు ఆ గుంట ఉందో లేదో తెలియకుండా కూర్చోవాలి. చెప్పుకుంటే నవ్విపోతారు, యాభై తొమ్మిదేళ్ల మనిషికి ఇంత ఆత్రమేమిటని. ఇర్మా చెయ్యాల్సిందల్లా క్యాసెట్ పెట్టడం, పిల్ల చాప మీదికి వచ్చి కదలకుండా నిలబడ్డాక మీట నొక్కడం. ఊళ్లో సంగీతం టీచర్లకి ఉత్తరాలు రాశారు నిర్వాహకులు, తాళజ్ఞానం ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా రావాలని. మీట నొక్కడానికి తాళజ్ఞానం ఎందుకో ఇర్మాకి ఈ రోజుకీ అర్థం కాలేదు. అయినా వచ్చింది. వాళ్ల బల్లకి ఆనుకునే ఒక పియానో కూడా ఉంది, మొన్న జెండా ఎగరేసినప్పుడు బడిపిల్లల పాట కోసం తెచ్చిపెట్టి మళ్లీ తీసుకెళ్లడం మరిచిపోయారు. దాని మీద ముసుగు, ముసుగు మీద కెల్విన్ టీ ఫ్లాస్కు, స్కాలప్ గుల్లల మాంసం కూరి కాల్చిన పై రొట్టె ఉన్న కాగితం పొట్లం. పియానో బతుకు ఇలా అయింది, అనుకుంది ఇర్మా, టీ పెట్టుకునే బల్ల.

"ఆ పై రొట్టె తినవేం? చల్లారిపోతోంది," అన్నాడు కెల్విన్. ట్రాములు తిరిగిన రోజుల్లో వాటి తీగలు చూసుకునేవాడు, ట్రాములు పోయాక ఊళ్లో ప్రతి సభకీ మైకులు పెడుతున్నాడు. "పొద్దుట్నించీ చూస్తున్నా, దెయ్యాన్ని చూసినట్టు అలా కూర్చున్నావేం తల్లీ?"

"చూళ్లేదు. విన్నాను."

"ఏం విన్నావ్?"

"ఏం లేదులే. నువ్వు తిను, నా ముక్క కూడా."

మొదటి పిల్ల చాప ఎక్కింది. ఇర్మా మీట నొక్కింది, బాకాలు లేచాయి. పిల్ల పరుగెత్తి రెండు మొగ్గలు వేసి దిగింది, దిగిన చప్పుడు బాకా కంటే ముందే వచ్చింది, వచ్చినా బాకాకి పట్టలేదు, దాని దారిన అది ఊదుకుంటూ పోయింది. ఇదీ టేపు సంగతి. టేపుకి కళ్లు లేవు. మూనా చర్చి హాల్లో హోర్వత్ గారి జిమ్నాస్టిక్స్ క్లబ్బులో పధ్నాలుగేళ్లు పియానో వాయించినప్పుడు ఇర్మా వేళ్ల కింది మెట్ల వంక చూసిందే లేదు. మెట్లు ఎక్కడికి పోతాయి? చూడాల్సింది పాదాలని. పిల్ల గెంతింది, గాల్లో ఉంది, చెయ్యి పైకి లేపి ఉంచు, పిల్ల దిగింది, నువ్వూ దిగు. ఒక రోజు దూకుడుగా దిగుతుంది, ఒక రోజు బద్ధకంగా. నిన్న రాత్రి ఇంట్లో తిట్లు తిన్న పిల్ల అర క్షణం ఆలస్యంగా దిగుతుంది. ఏ పిల్ల ఇంట్లో ఏం జరిగిందో పాదాలు చెప్పేవి, ఇర్మా ఎవర్నీ అడిగేది కాదు, చేతులతో సర్దుకునేది. ఎవరి పాటకి వాళ్లు చేస్తున్నారనుకునేవాళ్లు చూసేవాళ్లు. నిజానికి పిల్లల వెనకాల పాటే నడిచేది.

అందరిలోకీ వేరు నరెల్. కసాయి కొట్టు వాళ్ల పిల్ల, బుగ్గల మీద మచ్చలు, మాట పెళుసు. నాలుగో నంబరు పాట ఆ పిల్ల కోసమే ఇర్మా కట్టింది, దానికి పేరు కూడా పెట్టలేదు, హోర్వత్ గారి పుస్తకంలో నాలుగు అంటే నాలుగు. పెద్ద పరుగుకి ముందు నరెల్ మూలకి వెళ్లి మునివేళ్ల మీద లేచి నిలబడేది. మడమలు గాల్లో. ఇక పరుగెత్తాలి, పరుగెత్తదు. లోపల ఏదో ఒప్పుకోవాలి, ఒప్పుకునేదాకా కదలదు. ఒక రోజు తాళంలో ఒక లెక్క, ఒక రోజు రెండు. ఇర్మా చెయ్యి కూడా మెట్ల మీద గాల్లో అలాగే వేలాడేది, మడమ నేలకి ఆనగానే టక్కున పడేది. న్యాయనిర్ణేతలు అది పాటలోనే ఉందనుకునేవాళ్లు. నరెల్‌కీ తనకీ మధ్య ఆ సంగతి గురించి ఒక్క మాట కూడా ఎన్నడూ జరగలేదు. పదహారు నిండగానే ఆ పిల్ల మానేసి చాక్లెట్ ఫ్యాక్టరీలో చేరింది. ఓసారి బస్సులో కనబడింది, ఒళ్లో కొడుకు. "ఏం మిస్ ప్యాస్కో, ఇంకా వాయిస్తున్నారా?" అంది. "ఆఁ" అని అబద్ధం ఆడింది ఇర్మా, ఎందుకు ఆడిందో మరి.

రెండో క్యాసెట్. నొక్కు. మూడో క్యాసెట్. సుద్దపొడి లేచి, పై అద్దాలలోంచి పడే ఎండలో తేలుతోంది. మూడో పిల్ల చాప గీత దాటింది, ఒక అధికారి చిన్న జెండా ఎత్తాడు, అయిపోయింది పాపం. హాల్లో జనం అయ్యో అన్నారు. ఇర్మా కూడా అంది కానీ మనసు అక్కడ లేదు. ఎలా వెళ్లి ఉంటుంది గ్రేమౌత్ దాకా? హోర్వత్ గారు ఎవరికైనా తీసి ఇచ్చి ఉంటారు. ఆయన దగ్గరికి వేసవి శిబిరాలకి అక్కడి నుంచీ ఇక్కడి నుంచీ కోచ్‌లు వచ్చేవాళ్లు, అడిగితే కాదనే మనిషి కాదు, తన చొక్కా అయినా ఇచ్చేవాడు, ఇతరుల పాటలు అంతకంటే సులువుగా ఇచ్చేవాడు. ఆ టేపు నుంచి ఇంకో టేపు, దాన్నుంచి ఇంకోటి. పొద్దున్న విన్నప్పుడు అర స్వరం కిందికి దిగి ఉంది, కాస్త నెమ్మదించింది కూడా. టేపు మీద టేపు ఎక్కితే అంతే. మనిషి ముసలైనట్టే పాట కూడా తనకి తెలియకుండా నెమ్మదిస్తుంది. హోర్వత్ గారు ఉంటే అడిగేది. నాలుగేళ్లయింది ఆయన పోయి.

ఆ ఆదివారం. తలుచుకోకూడదనుకున్నదే ముందు తోసుకొస్తుంది. డెబ్బై అయిదు జనవరిలో ఓడ గుద్దుకుని నది మీద వంతెన కూలింది, తూర్పు ఒడ్డు వాళ్లంతా తూర్పు ఒడ్డునే మిగిలారు. ఇర్మా ఇల్లు ఆ ఒడ్డునే బెలరీవ్‌లో, క్లబ్బు అవతలి ఒడ్డున. అందరూ పడవల కోసం వరసల్లో నిలబడ్డారు, చలి, గాలి, వరసలోనే పెళ్లిళ్లు కుదిరాయని కెల్విన్ ఇప్పటికీ చెప్తాడు. రెండు నెలలు అలాగే వెళ్లింది ఇర్మా. అప్పుడు హోర్వత్ గారు ఒక టేపు మిషన్ కొన్నారు. "మిస్ ప్యాస్కో, రోజూ మీకు ఇంత శ్రమ ఎందుకు? ఒక్క ఆదివారం రండి, పదకొండు పాటలూ ఇందులో పెట్టేద్దాం. వంతెన వచ్చేదాకానే!" అన్నారు తన హంగేరీ యాసలో, ఎంతో మర్యాదగా. వెళ్లింది. కొత్త బట్టలు కూడా వేసుకుంది, ఎవరు చూస్తారని? తన వేలితో తన కన్నే పొడుచుకోవడానికి కొత్త బట్టలు. హాలు ఖాళీ. చాప చుట్టి గోడకి ఆనించారు. మైకు ఒకటి పియానో ముందు, మొహం మీద మొహం పెట్టినట్టు. ఒకటీ రెండూ మూడూ అయ్యాయి. నాలుగులో పెద్ద పరుగు దగ్గరికి రాగానే చెయ్యి లేచింది, లేచి, ఆగింది. ఎవరూ లేరు. మూల ఖాళీ. అయినా చెయ్యి కిందికి రాలేదు. మడమ ఆనాలి కదా. ఒక లెక్క. రెండో లెక్కలో సగం. అప్పుడు గుర్తొచ్చి పడింది.

హోర్వత్ గారు మిషన్ ఆపి, కళ్లజోడు తీసి చూశారు. "ఎందుకు ఆగారు మిస్ ప్యాస్కో? అక్కడ ఎవరూ లేరు కదా!"

ఏం చెప్తుంది? మళ్లీ వాయిస్తానంది. ఇంకా ఏడు పాటలున్నాయి, ఆఖరి పడవకి గంటన్నరే ఉంది. పోనీలెండి, ఇంకోసారి చూద్దాం, అన్నారు. ఆ ఇంకోసారి రాలేదు. రెండున్నరేళ్లు దాటాక వంతెన వచ్చింది, బళ్లు తిరిగాయి, జనం పూలు చల్లారు. క్లబ్బు నుంచి కబురు మాత్రం రాలేదు, ఒక గోడ గడియారం వచ్చింది, వెనక పలక మీద కృతజ్ఞతలతో అని చెక్కించి. అది రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. ఇర్మాకి కోపం వచ్చింది నిజమే, కానీ అంతకంటే ఎక్కువ సిగ్గు. పధ్నాలుగేళ్ల పనిలో నిలిచిపోయిందల్లా ఆ పదకొండు పాటలు, అందులో తప్పు ఒక్కటే, అది తన సొంత పాటలో. ఖాళీ మూలకి దణ్ణం పెట్టినట్టు ఆగిన చెయ్యి. పిల్లలు ఆ టేపుకి చేస్తూ అక్కడికి రాగానే తడబడతారనీ, వెనకాల నవ్వుకుంటారనీ ఎన్ని రాత్రులు ఊహించుకుందో.

"ఆంటీ."

ఇర్మా ఉలిక్కిపడింది. బల్ల ముందు ఒక పిల్ల. పొట్టిగా, గట్టిగా, నల్లటి జుట్టు లాగి ముడేసుకుని, నల్లటి ఆటదుస్తుల మీద అన్నదో ఎవరిదో పెద్ద చొక్కా, చేతులకి సుద్ద. పదిహేనేళ్లుంటాయి. అయిదో పిల్ల పాట మోగుతోంది, అందుకని గుసగుసగా మాట్లాడుతోంది.

"ఎనిమిదో టేపు నాది ఆంటీ. కొంచెం పాతది, మెల్లిగా పెడతారా?"

"పెడతాను."

"ఇంకోటి. మధ్యలో ఒకచోట ఆగుతుంది. పాడైందనుకుని మీరు ఆపేయకండేం? క్రైస్ట్‌చర్చ్‌లో ఒకాయన అలాగే ఆపేశాడు."

ఉంది. కత్తిరించలేదు. ఇర్మా క్యాసెట్ల వరస సరిచేసింది. "ఎందుకు ఆగుతుంది?" అంది, ఎవరో తెలియనివాళ్ల సంగతి అడుగుతున్నట్టు.

"ఏమో. వాయించే ఆవిడకి తుమ్ము వచ్చుంటుందంటుంది మా లినెట్, మా కోచ్."

"వాయించింది ఆడమనిషని ఎలా తెలుసు?"

పిల్ల ఆలోచించింది. "కింది స్వరాలు చరుస్తుంది కదా. మా నాన్నమ్మ రొట్టెల పిండి అలాగే చరుస్తుంది. కానీ తుమ్మంటే నేను నమ్మను ఆంటీ, తుమ్మినవాళ్లు మళ్లీ అంత బాగా ఎత్తుకోరు. ఏదైతే ఏంలే, అది నా చోటు."

"నీ చోటంటే? అక్కడ ఏం చేస్తావు?"

"చూస్తారుగా," అని నవ్వి, చొక్కా అంచుతో సుద్ద చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ చొక్కా ఎవరిదో వాళ్ల అమ్మ చూస్తే నాలుగు తగిలిస్తుంది.

అది నా చోటు. ఇర్మా ఆరో క్యాసెట్ పెట్టింది, పెట్టానో లేదో అని మళ్లీ చూసుకుంది. చెప్పేస్తే ఏం పోయేది? అమ్మాయ్, ఆ చరిచే వేలు ఇదిగో, అది తుమ్ము కాదు. మరి ఏమిటని అడుగుతుంది. అలవాటు అని చెప్పాలి. లేని పిల్ల కోసం ఆగానని చెప్పాలి. చెప్తే ఆ పిల్ల ఇక ఆ చోట్లో నిలబడగలదా? ఇన్నాళ్లూ తనదనుకున్న గదిలో ఇంకెవరి సామానో ఉందని తెలిసినట్టు ఉండదూ? వద్దు. పోటీ అయ్యాక చూద్దాం. కానీ ఏం చేస్తుంది అందులో? ఒకటిన్నర లెక్క. అంతసేపట్లో గుండ్రంగా ఒక తిరుగుడు తిరగొచ్చు. చేతులు ఊపొచ్చు. పడుకుని లేవొచ్చు, లేవలేదేమో. ప్రేక్షకుల వంక చూసి కళ్లెగరేయొచ్చు, ఈ పిల్ల అలాంటిదే అయి ఉండొచ్చు. ఇర్మా వేళ్లు బల్ల చెక్క మీద ఆ చోటు దాకా వాయించి ఆగాయి. లెక్క. సగం. అక్కడ ఎంత చోటుందో ఎన్నడూ కొలవలేదు తను. ఎనిమిదేళ్లు దాన్ని తప్పు అనే పిలిచింది, తప్పులోకి తొంగి చూసేదెవరు?

"మిషన్ కాలుతోందేంటి?" కెల్విన్ మిషన్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "పొద్దుట్నించీ ఆపకుండా తిరుగుతోంది. ఇంకెన్ని?"

"ఇదయ్యాక రెండు."

"లాగేస్తుందిలే. నా కంటే కుర్రది."

ఏడో పిల్ల ఆస్ట్రేలియా పిల్ల, హాలంతా మనవాళ్లే కాబట్టి కేకలు. పది పాయింట్లకి తొమ్మిదీ ముప్పై అయిదు అని బోర్డు తిరిగింది, రెండో స్థానం. మూడో స్థానంలో ఉన్న పిల్లకి తొమ్మిదీ ముప్పై. నైరీ తప్పు లేకుండా చేస్తే అంతకి మించి వస్తుందని న్యాయనిర్ణేతల వెనక కూర్చున్నవాళ్లు చెప్పుకుంటున్నారు. గ్రేమౌత్ నుంచి వచ్చినవాళ్లు ఆరుగురు, రెండో వరసలో, ఒక్కటే జెండాని ఆరుగురూ పట్టుకున్నారు. ఇర్మా క్యాసెట్‌ని మిషన్లో పడుకోబెట్టింది, నిద్రపోతున్న పసిపాపని దించినంత మెల్లిగా. పిల్ల మూలకి వచ్చి తల వంచి నిలబడింది. నొక్కు.

బావిలోంచి పియానో. హాలు ఒక్కసారి నిశ్శబ్దమైంది, ఏడు బాకాల తర్వాత ఇదేమిటని. పిల్ల మొదటి పరుగు, మొగ్గ, మొగ్గ, దిగింది, చిటికెన వేలు సరిగ్గా ఆ పాదాల కిందే చరిచింది. ఎవరు నేర్పారు దీనికి? ఇర్మా ముందుకి వంగింది. ఇరవై. ఇరవై అయిదు. ఇంకో ఇరవై ఉంది గుంటకి. ముప్పై దాటగానే పియానో మూలిగింది. స్వరం సాగి, కిందికి జారి, తాగినవాడి పాటలా వంకర్లు తిరిగి, గుర్రుమని ఆగిపోయింది. చాప మధ్యలో పిల్ల ఒక్క కాలి మీద నిలబడిపోయింది.

"నమిలేసింది, దీని దుంపతెగ!" కెల్విన్ మూత తెరిచాడు. గోధుమరంగు టేపు సేమ్యాలా చుట్టలు చుట్టలుగా బయటికొచ్చింది, లాగేకొద్దీ వస్తోంది, ఒకచోట తెగి కూడా ఉంది. ఇర్మా ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. ముప్పై తర్వాతి ముక్క. గుంట ఇందులోనే ఎక్కడో ఉంది, తన వేళ్ల మధ్య, వేలెడంత కూడా ఉండదు.

లినెట్ పరుగెత్తుకుంటూ వచ్చింది. బక్కపలచటి మనిషి, ఈల దండ మెడలో ఊగుతోంది. వెనకాలే ప్రధాన న్యాయనిర్ణేత మిసెస్ డౌనీ, చేతిలో నియమాల పుస్తకం.

"ఇంకో టేపు ఉందా?" అడిగింది మిసెస్ డౌనీ.

"లేదండీ. ఉన్నది అదొక్కటే, నాకు క్రైస్ట్‌చర్చ్ శిబిరంలో ఇచ్చారు. ఎవరిదో ఏమిటో కూడా తెలీదు."

"పిల్ల తప్పు కాదు కాబట్టి మొదట్నించీ మళ్లీ చెయ్యొచ్చు. కానీ పాట లేకుండా చేస్తే ఒక పూర్తి పాయింటు తీసెయ్యాలి. నాకు వేరే దారి లేదు. అయిదు నిమిషాల్లో చెప్పండి."

ఒక పాయింటంటే ఎనిమిదో స్థానం. చాప పక్కన పిల్ల మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఇటే చూస్తోంది, ఏడవట్లేదు, చూస్తోంది. ఎవరైనా ఏదైనా పాట పెట్టండి అంటున్నాడు కెల్విన్, ఏడో పిల్ల పాటే పెడదామా అంటున్నాడు, పాపం మంచివాడు. తను లేచి నిలబడ్డానని ఇర్మాకి తర్వాత తెలిసింది.

"నాకు వచ్చు."

"ఏమిటి వచ్చేది?" అంది మిసెస్ డౌనీ.

"ఈ పాట. పియానో ఇక్కడే ఉంది. మీ పుస్తకంలో పియానో అన్న మాట కొట్టేశారా?"

మిసెస్ డౌనీ పేజీలు తిప్పింది. వేలితో గీత వెంబడి చదివింది. "లేదు. ఇంకా ఉంది. ఎవరూ వాడటం లేదంతే."

"ఈ పాట ఎవరికీ రాదు మేడమ్," అంది లినెట్ కొంచెం విసురుగా, కంగారులో ఉన్న మనిషి కదా. "దీనికి పేరే లేదు. మీరు పొద్దున్న పది సెకన్లు విని ఉంటారు. మా పిల్లకి ప్రతి స్వరం లెక్క. మధ్యలో ఒకచోట ఆగుతుంది కూడా, అది మీకు..."

ఇర్మా ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి చిటికెన వేలితో ఒకసారి చరిచింది. అనుకుని చేసింది కాదు, వేలు తనంతట తనే పడింది. లినెట్‌కి ఆ చప్పుడు చెవిన పడటానికి ఒక క్షణం పట్టింది. ఆ వంకర వేలి వంక చూసింది.

"ఫ్లాస్కు తియ్యి కెల్విన్," అంది ఇర్మా.

ముసుగు లాగారు. పియానో తిప్పారు, చాప నాలుగు మూలలూ కనబడేలా. అటు తిప్పమని ఇర్మాయే చెప్పింది, మెట్ల మీద వెలుతురు తగ్గుతుందన్నాడు కెల్విన్, మెట్లు ఎవరిక్కావాలి? స్టూలు ఎత్తుగా ఉంది. ఉండనీ. చేతులు చల్లగా ఉన్నాయి, పడవ వరసలో నిలబడ్డప్పటిలా. ఏ పాట వాయించాలి ఇప్పుడు? తను కట్టింది కాదు, ఆ పిల్ల ఎరిగింది. ముసలైన పాట. నెమ్మదిగా, అర స్వరం కిందికి దించి. తప్పుతో సహా. ముఖ్యంగా తప్పుతో సహా. ఇన్నాళ్లూ ఎవరూ వినకూడదని కోరుకున్న ఒకటిన్నర లెక్కని ఇప్పుడు వెయ్యి మంది ముందు, సరిగ్గా, వెంట్రుకవాసి తేడా లేకుండా చెయ్యాలి. తక్కువైతే పిల్ల చోటు ఇరుకైపోతుంది, ఎక్కువైతే తూలుతుంది. లినెట్ చాప దగ్గర వంగి పిల్ల చెవిలో ఏదో చెప్పింది. పిల్ల తల తిప్పి పియానో వంక చూసింది. ఏం చెప్పిందో. తర్వాత మూలకి వెళ్లి తల వంచింది.

ఇర్మా మొదలెట్టింది. ఒక మెట్టు బిగుసుకుని ఉంది, వేలు దాన్ని చుట్టుతిరిగి పోయింది, చుట్టుతిరగమని ఎవరూ చెప్పలేదు దానికి. మొదటి పరుగు, మొగ్గ, మొగ్గ, దిగు, చరుపు. పాదాలు పొట్టివి, వెడల్పువి, బొటనవేలు కొంచెం లోపలికి. ఎడమ పాదం కుడిదాని కంటే ధైర్యం కలది. ఇంతలోనే తెలిసిపోయింది, ఎనిమిదేళ్లయినా కళ్లు మరిచిపోలేదు. ముప్పై. టేపు తెగిన చోటు దాటింది, ఇక్కడి నుంచి కొత్త నేల. పిల్ల తిరుగుతోంది, చేతులు చాచి, నాన్నమ్మ పిండి చరిచినట్టే ఒక్కో అడుగూ నేలకి గట్టిగా ఆనించి. నలభై. అలిసిపోయింది, రెండోసారి చేస్తోంది కదా, ఊపిరి ఇక్కడికే వినబడుతోంది. నలభై మూడు. మూలకి నడుస్తోంది.

చెయ్యి లేచింది. లేచి ఆగింది.

పిల్ల మూలలో మునివేళ్ల మీద లేచింది, మడమలు గాల్లో. చేతులు సగం ఎత్తింది. తిరగలేదు, ఊగలేదు, ఎవర్నీ చూసి కళ్లెగరేయలేదు. తల మాత్రం ఒక పక్కకి వంచింది, గోడ అవతల ఎవరో ఉన్నారని చెవి పెట్టినట్టు. అంతే. అది వినడమే. ఆ చోట్లో ఆ పిల్ల చేసేది వినడం. ఆగింది ఎవరో, ఎందుకో, ఎప్పటికైనా తెలుస్తుందేమోనని. ఒక లెక్క. సగం. ఇక పడాలి చెయ్యి, టేపులో ఇక్కడే పడుతుంది, ఇక్కడే పడమని కదా ఒప్పుకున్నది.

కుడి కాలి మడమ వణికింది. ఊపిరి ఇంకా అందలేదు పిల్లకి. ఇప్పుడు పాట పడితే పరుగెత్తుతుంది, పరుగెత్తక తప్పదు, ఈ కాళ్లతో పరుగెత్తితే పడుతుంది. టేపుకి కళ్లు లేవు. ఇర్మాకి ఉన్నాయి. చెయ్యి గాల్లోనే ఉంది. రెండు లెక్కలు. హాల్లో ఎవరో దగ్గారు. రెండున్నర. పిల్ల కళ్లు పైకెత్తింది, ఇంకా రాలేదేమని కాదు, ఎవరో తనని చూస్తున్నారని తెలిసినట్టు. ఛాతీ ఒకసారి నిండింది. మూడు.

మడమ ఆనింది. చెయ్యి పడింది.

పరుగు, మొగ్గ, మొగ్గ, గాల్లో ఇంకో తిరుగుడు, దిగింది, రెండు పాదాలూ ఒకేసారి, మేకులు దిగినట్టు, వాటి కిందే చిటికెన వేలు, ఇక మిగిలిన పాటంతా ఎలా వాయించిందో ఇర్మాకి గుర్తులేదు. తర్వాత చప్పుడంతా ఒకేసారి వచ్చి పడింది. రెండో వరసలో ఆరుగురు ఒక్క జెండాని లాక్కుంటున్నారు. బోర్డు తిరిగింది, తొమ్మిదీ ముప్పై అయిదుకి కిందా, తొమ్మిదీ ముప్పైకి పైనా. మూడో స్థానం. మిసెస్ డౌనీ పుస్తకం మూసి ముసుగులేని పియానో మీద పెట్టింది. పిల్ల చాప దిగి, చొక్కా వేసుకోకుండా, లినెట్ దగ్గరికి వెళ్లకుండా, నేరుగా ఇటే నడిచి వస్తోంది.

ఈలోగా కెల్విన్ వంగి, ఇర్మాకి మాత్రమే వినబడేలా అడిగాడు. "బా వాయించావు గానీ, మధ్యలో అంతసేపు ఆగిపోయావేంటి తల్లీ? మర్చిపోయావా?"

"లేదు," అంది ఇర్మా. "ఈసారి అక్కడ మనిషి ఉంది."